నొప్పి లేని నడుం బలం ఎందుకు కొలిచానంటే

నా ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) థీసిస్ అంశం చెప్పగానే ఇంట్లోనూ, హాస్టల్లోనూ అందరూ ఒకటే మాట అడిగారు. "నొప్పి ఉన్నవాళ్ల నడుం చూడాలి గానీ, నిక్షేపంగా ఉన్నవాళ్ల నడుం కొలిచి ఏం చేస్తావు?" అని. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లలో నడుం, పొట్ట కండరాల బలాన్ని చేతిలో ఇమిడే డైనమోమీటర్‌తో (ఎంత బలంతో తోశారో అంకెల్లో చూపే పరికరం) కొలిస్తే ఆ కొలతను ఎంతవరకు నమ్మొచ్చు అన్నది నా అంశం. ఒక మనిషిని నేను ఈ వారం కొలిచి, మళ్లీ వచ్చే వారం కొలిస్తే అదే అంకె వస్తుందా? నా బదులు ఇంకొకరు కొలిచినా అదే వస్తుందా?

గుంటూరులో ఫిజియోథెరపీ చేసేవాళ్లకి ఇది పుస్తకాల్లో మిగిలిపోయే ప్రశ్న కాదు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో నడుం నొప్పి వాళ్లే ఎక్కువ. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీలు, రోజంతా వంగి కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్లు, బైకు మీద రోజూ విజయవాడ వెళ్లొచ్చే ఉద్యోగులు, బట్టల షాపుల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే పిల్లలు. వాళ్లకి వ్యాయామాలు నేర్పిస్తాం. నెల తర్వాత మళ్లీ చూసి "మీ నడుం బలం పెరిగింది" అని కాగితం మీద రాస్తాం. ఆ మాట నమ్మి అతను మళ్లీ టిక్కీ భుజానికెత్తుకుంటాడు. ఆ పెరుగుదల నిజంగా కండరానిదా, లేక కొలతలో సహజంగా ఉండే ఊగిసలాటా అన్నది తేలకుండా ఆ మాట రాయడం నాకు మనస్కరించలేదు. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివే రోజుల్లోనే ఈ అనుమానం మొదలైంది. థీసిస్ దాకా వచ్చేసరికి ఇక వేరే అంశం వైపు మనసు పోలేదు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లతోనే మొదలుపెట్టడానికి కారణం సులభమే. నొప్పి ఉన్న మనిషి ఒకరోజు భయపడి సగం బలమే పెడతాడు, ఇంకోరోజు నొప్పి తగ్గి పూర్తిగా పెడతాడు. అంకె మారితే, మారింది నొప్పా, బలమా, పరికరమా, నా చెయ్యా తేల్చలేం. నొప్పి లేని మనిషిలో ఆ చిక్కుల్లో పెద్దది ఒకటి తీసేసినట్టు. అక్కడే కొలత నిలకడగా లేకపోతే, పేషెంటు దగ్గర నిలుస్తుందనుకోవడానికి ఆధారమే లేదు.

పరికరం ఎంచుకునే ముందు మా గైడ్ మేడమ్ ఉన్న దారులన్నీ నా చేత చదివించారు. అన్నిటికంటే పాతది, చేత్తో అడ్డుపెట్టి 0 నుంచి 5 దాకా గ్రేడు వేసే పద్ధతి. నరాల గాయాలతో వచ్చే సైనికుల కోసం 1940ల్లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ప్రచారంలోకి తెచ్చిన కొలబద్ద అది. చచ్చుబడిన కండరం కదులుతోందా లేదా చూడటానికి ఇప్పటికీ దానికి సాటి లేదు. కానీ ఆరోగ్యవంతుల దగ్గర పనికిరాదు. టిక్కీలు మోసే హమాలీకీ 5, ఎప్పుడూ మెట్లెక్కని గుమాస్తాకీ 5. ఇద్దరి బలంలో ఎంత తేడా ఉన్నా ఆ గ్రేడులో కనపడదు.

రెండో చివర ఐసోకైనటిక్ యంత్రం ఉంది. నడుము, తొడలు బిగించి కూర్చోబెడితే, సెకనుకి 60 డిగ్రీలు అని మనం పెట్టిన వేగం దాటకుండా కదలనిస్తూ, ప్రతి కోణం దగ్గరా ఎంత బలం పెట్టారో గీసి చూపిస్తుంది. పరిశోధనల్లో అందరూ దాన్నే ప్రమాణంగా తీసుకుంటారు. ధర లక్షల్లో ఉంటుంది. గుంటూరు బ్రాడీపేటలో ఒక గది అద్దెకి తీసుకుని క్లినిక్ నడిపే ఫిజియోథెరపిస్టు దాన్ని కొనలేడు. నా ప్రశ్న ఆ గదిలో పనిచేసేవాళ్ల కోసం.

సోరెన్సెన్ పరీక్ష గురించి కూడా చాలాసేపు మాట్లాడుకున్నాం. డెన్మార్క్‌కి చెందిన బీరింగ్-సోరెన్సెన్ 1984లో ప్రచురించిన పరిశోధనతో దానికి పేరొచ్చింది. బోర్లా పడుకోబెట్టి, కాళ్లు, తొడలు బెల్టులతో బల్లకి కట్టేసి, నడుం ఎముక పైభాగం నుంచి ఒళ్లంతా గాల్లో నేలకి సమాంతరంగా ఎంతసేపు నిలపగలరో చూస్తారు. గరిష్ఠంగా 240 సెకన్లు. ఎక్కువసేపు నిలపగలిగిన మగవాళ్లకి తర్వాతి ఏడాదిలో తొలిసారి నడుం నొప్పి రావడం తక్కువని ఆయన చూపించాడు. కెనడాలో స్టువర్ట్ మెక్‌గిల్ అనే పరిశోధకుడి బృందం 1999లో ఆరోగ్యవంతులైన యువతీయువకుల్లో ఇలాంటి పరీక్షలే చేస్తే, వెన్ను కండరాల విషయంలో మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువసేపు నిలిచారు. పరికరం అక్కర్లేదు, గడియారం చాలు. మంచి పరీక్షే. కాకపోతే అది కండరం ఎంతసేపు ఓర్చుకుంటుందో చెప్తుంది, ఒక్కసారిగా ఎంత బరువుకి తట్టుకుంటుందో చెప్పదు. నాకు కావలసింది రెండోది. చివరికి డైనమోమీటర్ దగ్గర ఆగాం. అరచేతిలో పట్టే పరికరం, ఒకవైపు మెత్తటి ప్యాడ్, మరోవైపు అంకెలు కనపడే తెర.

మనుషుల మీద చేసే పరిశోధనకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ముందు కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన, "జబ్బు లేనివాళ్లకి మీవల్ల కొత్తగా ఏ బాధా రాదని హామీ ఏంటి?" అని అడిగారు. ఆ ప్రశ్న నాకు నచ్చింది. పేషెంటుకైతే పరీక్ష వల్ల ఎంతోకొంత లాభం ఉంటుంది. వీళ్లకి ఏ లాభమూ లేదు, మన కోసం వచ్చి బలం పెట్టి వెళ్తారు. అందుకని బీపీ చూడకుండా ఎవరినీ కూర్చోబెట్టకూడదనీ, గత ఏడాదిలో నడుం నొప్పితో పని మానుకున్నవాళ్లనీ, ఆపరేషన్లయినవాళ్లనీ, హెర్నియా ఉన్నవాళ్లనీ, గర్భిణులనీ తీసుకోకూడదనీ రాసుకున్నాం. మనిషి తోస్తుంటే మనం ఎదురు బలం పెంచి అతన్ని ఓడించే పద్ధతి ఒకటుంది. దాంట్లో అంకె ఎక్కువొస్తుంది గానీ వెన్నుకి కుదుపు తగులుతుంది. అది వద్దనుకున్నాం. మేం కదలకుండా ఉంటాం, మనిషి తనంతట తాను మెల్లగా బలం పెంచుకుంటూ తోస్తాడు. ఇది భద్రమైన దారి, నిలకడగా ఉండే దారి కూడా.

మనుషుల్ని పోగుచేయడం నేననుకున్నదానికంటే నెమ్మదిగా సాగింది. కాలేజీ పిల్లలైతే పిలవగానే వస్తారు. కానీ అందరూ ఇరవై రెండేళ్ల కాలేజీ పిల్లలే అయితే ఆ ఫలితం వాళ్లకి తప్ప ఎవరికీ వర్తించదు. ఆఫీసు సిబ్బంది, దగ్గర్లోని షాపుల వాళ్లు, మా పక్కింటి ద్వారా పరిచయమైన కొందరు హమాలీలు వచ్చారు. మిర్చి సీజన్‌లో వాళ్లకి ఊపిరాడదు. అందుకే యార్డుకి సెలవున్న రోజే రమ్మన్నాను. రోజంతా బరువులు మోసి వచ్చిన నడుంని కొలిస్తే ఆ అంకె అలసటదే అవుతుంది. ఆడవాళ్లు ముందు వెనకాడారు. ఛాతీ మీదుగా బెల్టు వేయాలంటే ఎవరికైనా ఇబ్బందే. తెర కట్టాను, పంజాబీ డ్రెస్సులో రమ్మన్నాను, రెండో కొలత తీసుకోవడానికి ఒక అమ్మాయినే పెట్టాను. మగవాళ్లకి రెండో వ్యక్తిగా మా క్లాస్‌మేట్ ఒకతను ఉన్నాడు. పద్ధతిలో ఇవి రాయడానికి ఒక్క లైనే పడుతుంది. కానీ ఇవి సరిగా చూసుకోకపోతే మనిషి ఒళ్లు బిగబట్టుకుని కూర్చుంటాడు, ఆ బిగువు అంకెలోకి వచ్చేస్తుంది.

మొదట పరికరాన్నే పరీక్షించాలి. గైడ్ మేడమ్ ఇచ్చిన సలహా చాలా బావుంది. తెలిసిన కిరాణా కొట్టు నుంచి తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న ఇనప రాళ్లు అడిగి తెచ్చాను. 5 కిలోలు, 10 కిలోలు, 20 కిలోలు. డైనమోమీటర్‌ని ప్యాడ్ పైకి ఉండేలా బిగించి, చిన్న చెక్కపలక పెట్టి, దాని మీద ఒక్కో రాయీ పెడుతూ, మళ్లీ ఒక్కొక్కటే తీస్తూ రాసుకున్నాను. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ ఒకే అంకె రావాలి. కొలతలు మొదలయ్యే ముందూ, మధ్యలోనూ, అయ్యాకా ఇదే చేశాం. పరికరం నమ్మకంగానే ఉంది. కాబట్టి ఇక తేడా వస్తే అది మనుషుల దగ్గరిదే, అటు తోసేవాళ్లదో, ఇటు పట్టుకునేవాళ్లదో.

యార్డులో కాటా మీద ఒక టిక్కీని రెండుసార్లు వేస్తే రెండు బరువులొచ్చాయంటే రైతు ఊరుకోడు, కాటా మార్చమంటాడు. నేను కొలిచేది టిక్కీని కాదు, మనిషిని. కాటాలో తేడా ఏమీ లేకపోయినా మనిషే నిన్నటికీ ఇవాళ్టికీ కొంచెం మారతాడు. ఆ సహజమైన మార్పు ఎంతో తెలిస్తే, వ్యాయామం వల్ల వచ్చిన మార్పుని దాన్నుంచి విడదీయొచ్చు. నా థీసిస్ మొత్తం ఆ ఒక్క అంకె కోసమే.

ఇప్పుడు కొలిచే తీరు. ఎత్తైన బల్ల మీద పాదాలు నేలకి ఆనకుండా కూర్చోబెడతాం. పాదాలు ఆనితే కాళ్లతో తన్నిపెట్టి తోస్తారు. తొడలకీ కటికీ బెల్టులు. ముందుకి వంగే బలానికి ప్యాడ్ ఛాతీ ఎముక మీద, వెనక్కి వాలే బలానికి భుజం ఎముకల మధ్య వెన్ను మీద. కటి వదులుగా ఉంటే పొట్ట కండరాల పని తుంటి కండరాలు చేసేస్తాయి, వెనక్కి తోసేటప్పుడు పిరుదుల కండరాలు చేసేస్తాయి. అందుకే కటి దగ్గర బెల్టు ఎంత బిగిస్తున్నామో, ఎన్నో రంధ్రంలో పెట్టామో కూడా మనిషి మనిషికీ రాసుకున్నాం. రెండో వారం అదే రంధ్రం.

ప్యాడ్ ఎక్కడ పెట్టామన్నది చిన్న సంగతిలా కనపడుతుంది. లెక్క వేసి చూడండి. ఒక మనిషి నడుం దగ్గర పుట్టించే తిప్పుడు బలం (టార్క్) 120 న్యూటన్ మీటర్లు అనుకుందాం. నడుం ఇరుసు నుంచి ప్యాడ్ 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే పరికరం 400 న్యూటన్లు చూపిస్తుంది, అంటే దాదాపు 41 కిలోలు. అదే ప్యాడ్ 2 సెంటీమీటర్లు పైకి జరిగితే 375 న్యూటన్లే, దాదాపు 38 కిలోలు. మనిషి బలం ఇసుమంత కూడా తగ్గలేదు, అంకె మాత్రం మూడు కిలోలు పడిపోయింది. అందుకే చొక్కా మీద కొలత పనికిరాదు, ఎముకని వేలితో తడిమి, పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అక్కడి నుంచి నడుం ఎముక అంచు దాకా టేపుతో కొలిచి ఆ దూరం కూడా రాయాలి. బలాన్ని కిలోల్లో రాసి దూరం రాయని రిపోర్టులు నేను చాలా చూశాను. వాటిని ఇంకో రిపోర్టుతో పోల్చడానికి దారే లేదు.

డైనమోమీటర్‌ని ఎవరు పట్టుకోవాలన్నది ఇంకో పెద్ద విషయం. మా ప్రణాళికలో రెండు పద్ధతులూ పెట్టాం. ఒకటి చేత్తో పట్టుకోవడం, రెండోది గోడకి బిగించిన కర్ర మెట్లకి గట్టి బెల్టు కట్టి, ఆ బెల్టుకీ ఒంటికీ మధ్య పరికరాన్ని ఇరికించడం. ముందుకి తోసేటప్పుడు మనిషి వీపు గోడవైపు, వెనక్కి తోసేటప్పుడు మొహం గోడవైపు. చేత్తో పట్టుకున్నప్పుడు ఆడవాళ్ల దగ్గరా, సన్నగా ఉన్న కుర్రాళ్ల దగ్గరా బాగానే నడిచింది. హమాలీ ఒకాయన వెనక్కి వాలి తోసేసరికి నేను వెనక్కి జరిగిపోయాను. ఆ క్షణంలో తెర మీద ఉన్నది ఆయన బలం కాదు, నేను ఆపగలిగినంత బలం. అదే మనిషిని మా క్లాస్‌మేట్ పట్టుకుంటే అంకె బాగా పెరిగింది. నడుం వెనక కండరాలు ముందువాటికంటే సాధారణంగా బలమైనవి కాబట్టి, మా ఇద్దరి అంకెల మధ్య తేడా వెనక్కి తోసేటప్పుడే ఎక్కువ కనపడింది. బెల్టు కట్టగానే మా ఇద్దరి అంకెలూ దగ్గరకొచ్చాయి. బెల్టుకి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ ఒక్క బెల్టు లేకపోతే పొట్టిగా సన్నగా ఉన్న థెరపిస్టు దగ్గర పేషెంటు బలహీనుడవుతాడు, దిట్టంగా ఉన్న థెరపిస్టు దగ్గర బలవంతుడవుతాడు. ఇది విన్న ప్రతి జూనియర్‌కీ నేను బెల్టు ఎలా కట్టాలో దగ్గరుండి చూపించాను.

మాట కూడా కొలతలో భాగమే. "తొయ్యి బాబాయ్, ఇంకా, ఇంకా!" అని గట్టిగా అంటే మనిషి ఎక్కువ బలం పెడతాడు. ప్రోత్సాహం మాటలకి బలం పెరుగుతుందని పరిశోధనల్లో కూడా తేలింది. నేను అరిచి, నా తోటి అమ్మాయి మెల్లగా చెప్తే, మా అంకెల తేడా మా గొంతుల తేడా అవుతుంది. అందుకని ఇద్దరం ఒకే మాటలు రాసుకుని, ఒకే గొంతుతో చెప్పేదాకా సాధన చేశాం. "మెల్లగా మొదలుపెట్టి మొత్తం బలంతో తొయ్యండి. ఊపిరి బిగబట్టొద్దు. నేను ఆపమనేదాకా ఆపొద్దు." తర్వాత "తొయ్యండి" అని మూడుసార్లు. అంతే. అయిదు సెకన్లు తోయడం, నిమిషం పైగా విశ్రాంతి, మళ్లీ తోయడం. మూడింటి సగటు తీసుకున్నాం. అన్నిటికంటే పెద్ద అంకె ఒక్కటే తీసుకోవచ్చు గానీ, ఒక్కసారి వచ్చిన ఊపు మీద ఆధారపడటం కంటే సగటు కుదురుగా ఉంటుంది.

తోసేటప్పుడు తెర నాకు కనపడదు. అంకె చదివి రాసేది వేరే జూనియర్. పోయిన వారం 38 అని నాకు గుర్తుంటే, ఈ వారం 34 దగ్గర చెయ్యి తనంతట తానే ఇంకాస్త గట్టిపడుతుంది. కావాలని చేయకపోయినా జరుగుతుంది. ఇద్దరిలో ఎవరు ముందు కొలవాలన్నది కూడా చీటీ తీసే నిర్ణయించాం. ఎప్పుడూ నేనే ముందైతే అలసట ఎప్పుడూ రెండోవాళ్ల ఖాతాలో పడుతుంది.

సమయం విషయంలో పట్టుబట్టాను. అందరినీ సాయంత్రమే రమ్మన్నాం, రెండో వారం కూడా అదే వేళకి. కండరాల బలం పొద్దుటికంటే సాయంత్రం కాస్త ఎక్కువగా ఉంటుంది. పైగా రాత్రంతా పడుకుని లేచేసరికి వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, లేచీ లేవగానే గట్టిగా వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. గుంటూరు ఎండల సంగతి చెప్పక్కర్లేదు. గదిలో ఏసీ ఒకే అంకె మీద పెట్టాం, కరెంటు పోయిన రోజు కొలతలు వాయిదా వేశాం. రెండు కొలతలకీ మధ్య వారం ఎందుకంటే, అలవాటు లేని బలం పెట్టాక ఒళ్లు నొప్పులు రెండుమూడు రోజులు ఉంటాయి. అవి పోవాలి. అలాగని నెల ఆగితే నిజంగానే బలం మారిపోవచ్చు.

మొదటి రోజు అసలు కొలతకి ముందు అందరి చేతా సాధన చేయించాం. నడుంతో ఒక వస్తువుని తోయడం మనకి అలవాటైన పని కాదు. మొదటిసారి ఎవరైనా సందేహంగానే తోస్తారు. రెండోసారికి కిటుకు తెలుస్తుంది, అంకె పెరుగుతుంది. పెరిగింది కండరం కాదు, అలవాటు. క్లినిక్‌లో సాధన చేయించకుండా మొదటి రోజు కొలిచి, నెల తర్వాత మళ్లీ కొలిస్తే ఈ అలవాటంతా వ్యాయామం ఘనతలో కలిసిపోతుంది. మందులు, మిషన్లు, ప్యాకేజీలు అమ్మేవాళ్లకి ఇది ఎంత అనుకూలమో చెప్పనక్కర్లేదు. నాకు కోపం వచ్చే విషయం ఇదొక్కటే.

రెండో వారం ఒక హమాలీ బాబాయ్ తన అంకె చూపించమని అడిగాడు. అన్ని కొలతలూ అయిపోయాయి కాబట్టి చూపించాను. పోయిన వారం కంటే మూడు కిలోలు తక్కువ. ఆయన మొహం మాడిపోయింది. "ఏందమ్మా ఇది, వారానికే నడుం బలం తగ్గిందా నాకు?" అన్నాడు. ఆయనకి నడుమే జీవనాధారం. "లేదు బాబాయ్, తగ్గలేదు. ఇవాళ మళ్లీ గంటాగి కొలిస్తే మూడు ఎక్కువే రావొచ్చు. మనిషి నడుం అంత కచ్చితంగా ఒకే అంకె దగ్గర ఆగదు. ఎంత తగ్గితే నిజంగా తగ్గినట్టో లెక్క కట్టడానికే మీ అందరినీ పిలిచాం" అన్నాను. "మరా సంగతి డాక్టర్లు చెప్పరేందమ్మా?" అని అడిగాడు. ఆయనకి ఏం చెప్పాలో అప్పుడు నాకు తోచలేదు గానీ, ఆ ప్రశ్నని నా థీసిస్ చర్చాభాగంలో నా మాటల్లో రాసుకున్నాను.

కొలతలయ్యాక లెక్కలు. ఇక్కడ మా కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే సార్ చేసిన మేలు మరిచిపోలేను. రెండు కొలతలు కలిసి పెరుగుతూ తగ్గుతూ ఉన్నాయా అని మాత్రమే చూసే మామూలు కోరిలేషన్‌ని ఆయన మొదట పక్కన పెట్టించారు. నేను ప్రతి మనిషికీ మా క్లాస్‌మేట్ కంటే సరిగ్గా 5 కిలోలు ఎక్కువ చదివాననుకుందాం, కోరిలేషన్ మాత్రం 1 అనే చూపిస్తుంది, మా ఇద్దరికీ అద్భుతంగా కుదిరినట్టు. అందుకే ఐసీసీ (ఇంట్రాక్లాస్ కోరిలేషన్ కోఎఫిషియంట్, కొలతల నిలకడని చెప్పే అంకె, 1కి దగ్గరైనకొద్దీ మంచిది) వాడతారు. ష్రౌట్, ఫ్లైస్ అనే పరిశోధకులు 1979లో దాని రకాలు విడమరిచి చెప్పారు. ఏ రకం వాడామో చెప్పకపోతే ఐసీసీకి విలువ లేదు, ఎందుకంటే ఇద్దరి మధ్య ఉండే స్థిరమైన తేడాని కొన్ని రకాలు లెక్కలోకి తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. ఆ తేడాని లెక్కలోకి తీసుకునే రకమే మేం వాడాం. కూ, లీ అనే పరిశోధకులు 2016లో సూచించిన కొలబద్ద ప్రకారం 0.5 లోపు బాగాలేనట్టు, 0.75 దాకా ఒక మోస్తరు, 0.9 దాకా బాగున్నట్టు, ఆ పైన చాలా బాగున్నట్టు.

చాలా థీసిస్‌లు ఇక్కడ ఆగిపోతాయి. 0.9 వచ్చింది, పరికరం నమ్మదగినది, సంతకం. మా సార్ ఆగనివ్వలేదు. "0.9 వస్తే పేషెంటుకి ఏం చెప్తావమ్మా?" అన్నారు. ఆయన బోర్డు మీద వేసిన లెక్క ఇది. ఒక గుంపులో సగటు బలం 40 కిలోలు, మనుషుల మధ్య ప్రామాణిక విచలనం (సగటుకి అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నారో చెప్పే అంకె) 12 కిలోలు, ఐసీసీ 0.90. 1 లోంచి 0.90 తీసేసి, దాని వర్గమూలాన్ని 12తో గుణిస్తే దాదాపు 3.8 కిలోలు. ఇది ఒక కొలతలో ఉండే దోషం. ముందొక కొలత, తర్వాత ఒక కొలత కాబట్టి దోషం రెండింటిలోనూ ఉంటుంది. 95 శాతం నమ్మకంతో మార్పు నిజమేనని చెప్పాలంటే దాన్ని 2.77తో (1.96ని 2 వర్గమూలంతో గుణిస్తే వచ్చేది) గుణించాలి. 10.5 కిలోలు వస్తుంది. అంటే 40 కిలోల మనిషి 48కి చేరినా, "20 శాతం పెరిగింది" అని రాయడానికి మనకి ఆధారం లేదు. చాలా బాగుంది అనిపించుకోబోయే 0.90 వెనక ఇంత పెద్ద ఊగిసలాట దాగుంది.

ఇంకొక సంగతి నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది. అదే పరికరం, అదే చెయ్యి, అదే 3.8 కిలోల దోషం. కానీ గుంపులో అందరూ ఒకే తీరు మనుషులు, వాళ్ల మధ్య విచలనం 6 కిలోలే. అప్పుడు ఐసీసీ 0.60కి పడిపోతుంది. కొలిచే తీరులో ఏమీ మారలేదు, కొలిపించుకున్నవాళ్లు మారారు. హమాలీలనీ, గుమాస్తాలనీ, కాలేజీ అమ్మాయిలనీ ఒకే సంచిలో వేస్తే ఐసీసీ తనంతట తానే అందంగా వస్తుంది. నా గుంపు కూడా అలాంటిదే. అందుకే మగవాళ్లకీ ఆడవాళ్లకీ విడిగా మళ్లీ లెక్క కట్టి, రెండూ ప్రకటించాం. విడిగా కట్టినప్పుడు ఐసీసీలు తగ్గాయి. వైవాలో (థీసిస్ మౌఖిక పరీక్షలో) దాని గురించే ఎక్కువసేపు అడిగారు, నేను ఈ లెక్కనే బోర్డు మీద వేసి చూపించాను.

బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే పరిశోధకులు 1986లో చెప్పిన పద్ధతిలో ఒక బొమ్మ కూడా గీశాం. అడ్డంగా రెండు కొలతల సగటు, నిలువుగా వాటి తేడా. ప్రతి మనిషీ ఒక చుక్క. నా డేటాలో ఎడమవైపు చుక్కలు దగ్గర దగ్గరగా, కుడివైపుకి పోయేకొద్దీ విరజిమ్మినట్టు ఉన్నాయి. బలం ఎక్కువున్నవాళ్ల దగ్గర తేడాలూ ఎక్కువే. బెల్టు వాడిన కొలతల్లో ఆ చెదురు తగ్గింది, పూర్తిగా పోలేదు. ఒకే అంకెని అందరికీ హద్దుగా పెట్టడం కుదరదని ఆ ఒక్క బొమ్మ చెప్పింది. ఒకే మనిషి కొలిచినప్పుడు నిలకడ బాగుందనీ, ఇద్దరు కొలిస్తే బెల్టు ఉంటేనే బాగుంటుందనీ, ముందుకి వంగే బలం కంటే వెనక్కి వాలే బలం దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలనీ రాసి ముగించాం.

ఇప్పుడు క్లినిక్‌లో నా పద్ధతి కొంత మారింది. కొత్తగా వచ్చినవాళ్లకి నొప్పి అనుమతిస్తే మొదటి రోజు సాధన, తర్వాత రెండు వేర్వేరు రోజుల్లో కొలత, రెండింటి సగటు మొదటి అంకె. చివర్లో కూడా రెండు రోజుల సగటే. అలా చేస్తే పైన చెప్పిన లెక్కలో 10.5 కాస్తా 7.4 కిలోలకి దిగుతుంది. మనిషికి ఇంకొకసారి రావడం ఇబ్బందే, కానీ కారణం విడమరిచి చెప్తే చాలామంది ఒప్పుకుంటున్నారు. కేసు షీటులో బలం పక్కనే వేళ, బెల్టు రంధ్రం, ప్యాడ్ దూరం, ఎవరు కొలిచారు అన్నవి రాస్తున్నాను. మార్పు హద్దు లోపలే ఉంటే "బలంలో తేడా ఇంకా తేల్చలేం" అని అలాగే రాస్తాను, నొప్పి ఎంత తగ్గిందో, ఏ పనులు చేసుకోగలుగుతున్నారో వేరుగా రాస్తాను. పేషెంట్లు దీనికి బాధపడతారని మొదట్లో మా స్టాఫ్ అన్నారు. అలా జరగలేదు. ఒక పిన్నిగారైతే, "పోనీలే అమ్మా, ఉన్నదున్నట్టు చెప్పావు, ఇంకో నెల చేస్తాను" అన్నారు.

ఒక్క విషయం మాత్రం ఈ దారిలో వచ్చేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. ఆరోగ్యవంతుల్లో వచ్చిన ఈ హద్దుని నడుం నొప్పి వాళ్లకి యథాతథంగా వాడకూడదు. నొప్పీ భయమూ కలిస్తే ఊగిసలాట ఇంకా పెరిగే అవకాశమే ఎక్కువ. కాబట్టి పేషెంటులో వచ్చిన మార్పు ఆరోగ్యవంతుల హద్దుని కూడా దాటకపోతే, అది నిజమైన మార్పని అనుకోవడానికి వీల్లేదు. దాటితే అప్పుడు పేషెంట్ల కోసం విడిగా కట్టిన హద్దు కావాలి. నడుం నొప్పి మొదలై మూడు నెలలు దాటినవాళ్లలో ఇదే బెల్టుతో, ఇవే మాటలతో కొలతలు మొదలుపెట్టడానికి మా గైడ్ మేడమ్, నేను ఎథిక్స్ కమిటీకి మళ్లీ కాగితాలు సిద్ధం చేస్తున్నాం.